బుగులు తీర్చు గుట్ట: చిల్పూరు సీమలో చూడదగినవి, వినదగినవి

కాజీపేట నుండి సికింద్రాబాదు పోవు రైలుమార్గమున ఘనపురము, రఘునాథపల్లి, జనగామ, పెంబర్తి అను స్టేషనులు ఒకదాని వెనుక నొకటి వచ్చును. ఇరువైపుల రాతిగుట్టలు, గుట్టల పాదములకడ చెరువులు, చెరువు కట్టలపై తాటిచెట్లు. కొన్ని గుట్టలు ధాన్యపు రాశులవలె గుండ్రముగా నుండును. కొన్నిటి నెత్తిన, ఎవరో వేడుకకు ఎత్తిపెట్టినట్లు, ఒక రాతిపై వేరొక రాయి నిలిచియుండును. వరంగల్లు కోటనో, వేయిస్తంభముల గుడినో, రామప్పనో చూచి మరలివచ్చు యాత్రికుడు ఈ మార్గమున కునుకు తీయుట పరిపాటి. చూడవలసినవన్నియు చూచితినను తృప్తి అతనిది.

రామప్పను చూచిన కంటికి ఈ గుట్టలు వెలవెలబోయినట్లు తోచుటలో వింత లేదు. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213వ సంవత్సరమున పాలంపేటలో నిర్మింపజేసిన ఆ ఆలయము 2021లో యునెస్కోవారి ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరినది. అచ్చట శిల్పము తనంతట తాను మాటాడును. తెలుగు రానివాడును, పురాణము తెలియనివాడును ఆ నల్లరాతి నర్తకి యెదుట నిలిచిపోవును. చిల్పూరు, పాలకుర్తి, బమ్మెర, ఖిలాషాపురములలో స్థితి వేరు. అచ్చటి రాళ్లు ఊరక కూర్చుండును. వానిచే పలికింపవలెనన్న ఆ ఊరి మనిషి నోరు విప్పవలెను. రామప్పలో శిల్పమే మాట. ఈ సీమలో మాటయే శిల్పము. కనుక ఇచ్చటికి వచ్చు యాత్రికుడు కన్నులతోపాటు చెవులను కూడ వెంట తెచ్చుకొనవలెను.

అప్పుపడిన దేవుడు

ఘనపురము అను పేరు ఈ ప్రాంతమున రెండు ఊళ్లకున్నది. భూపాలపల్లి జిల్లాలోని ఘనపురము కాకతీయులనాటి కోటగుళ్లకు ప్రసిద్ధము. రైలున్న ఘనపురమును జనులు ‘స్టేషన్ ఘనపురము’ అని వేరుచేసి పిలుతురు. చిల్పూరునకు పోవువారు దిగవలసినది ఈ రెండవదానిలో. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలో సాధారణ గ్రామమైన చిల్పూరు, 2016 అక్టోబరు 11న జనగామ జిల్లా యేర్పడినపుడు మండలకేంద్రమైనది. దేవాదులవద్ద గోదావరినుండి ఎత్తిపోసిన నీటిని నిలువచేయు మల్లన్నగండి జలాశయము ఈ మండలములోనిదే. మెట్టపంటలకు, బావి నీటికి అలవాటుపడిన నేలపై ఎచ్చటినుండియో వచ్చిన గోదావరి నీరు నిలిచియుండుట ఒక క్రొత్త దృశ్యము.

చిల్పూరు గుట్టపై వెలసిన వేంకటేశ్వరునకు ‘బుగులు వేంకటేశ్వరుడు’ అని పేరు. దేవునకు ఇట్టి పేరుండుట అరుదు. తెలంగాణమున బుగులు అనగా దిగులు. గుండెలో గూడుకట్టుకొని రాత్రి నిద్ర పట్టనీయని లోభయము. పంట చేతికి రాకమునుపు రైతునకుండునది బుగులు. ఊరు దాటిన కొడుకు జాబు రాకున్న తల్లికుండునది బుగులు.

దేవునకు ఈ బుగులు ఎట్లు వచ్చినదో స్థానికులు ఇట్లు చెప్పుదురు. పద్మావతిని పెండ్లియాడుటకు శ్రీనివాసుడు కుబేరునికడ అప్పుచేసెను. పెండ్లి వైభవముగా జరిగెను. అటుపిమ్మట అప్పు తీర్చు దారి కనబడలేదు. ఋణదాతకు ముఖము చూపలేక స్వామి ఈ మారుమూల గుట్టకు వచ్చి, గుహలో బుగులుతో కూర్చుండెను. తన బుగులును తానెరిగినవాడు కనుక, తన్ను చేరవచ్చినవారి బుగులును తీర్చును. మెట్లెక్కి వచ్చు భక్తుల విశ్వాసమిది.

కుబేరుని అప్పు కథ తెలియని తెలుగువాడుండడు. తిరుమల హుండీలో వేయు ప్రతి కాసును ఆ అప్పుపై వడ్డీకి జమయని చెప్పుకొందురు. అందువలననే అచ్చటి స్వామి వడ్డికాసులవాడైనాడు. ఒకే కథకు ఇవి రెండు ముఖములు. తిరుమలలోని దేవుడు వడ్డీ కట్టుచు ఠీవిగా నిలిచియున్నాడు. చిల్పూరు దేవుడు అప్పులవాని కంటబడక దాగియున్నాడు. మొదటి రూపము వైభవమునకు తగినది. రెండవ రూపము ఈ నేలకు తగినది.

ఈ సీమ చరిత్ర నెరిగినవారికి ఆ తగుట యేమో విప్పి చెప్పనక్కరలేదు. నిజాము పాలనలో దేశముఖుల గడీలకు వెట్టి చేసినవారు, ఒక బస్తా ధాన్యము నాగుకు తెచ్చుకొని తరములు మారినను తీర్చలేకపోయినవారు ఈ పల్లెలలో నుండిరి. తరువాతి కాలమునను ఋణభయము పోలేదు. 1997, 1998 సంవత్సరములలో పురుగు తగిలి పత్తిపంట నాశనమై, అప్పులు తీర్చలేక వరంగల్లు జిల్లా రైతులు ప్రాణములు తీసికొనిన వార్తలు దేశమంతటిని కలచివేసినవి. ఇట్టి నేలమీద, దేవుడు సైతము అప్పుపడినాడను కథ వినోదమునకు పుట్టినది కాదు. బాధ తెలిసినవాడు దేవుడైన బాగుండునను కోరికయే ఆ గుహలో వెలసినదా యనిపించును. ఈ సంగతి చెప్పువారు లేనిచో చిల్పూరు గుట్ట చక్కని గాలివీచు ఒక గుట్ట మాత్రమే.

పాలకుర్తి: కవి, చాకలి

రైలుమార్గమునకు ఉత్తరమున చిల్పూరు, దక్షిణమున పాలకుర్తి. పాలకుర్తి గుట్టపై రెండు గుహాలయములున్నవి. ఒకదానిలో సోమేశ్వరుడు, ఇంకొకదానిలో లక్ష్మీనరసింహుడు. శివకేశవులు ఒకే రాతికి చెరియొక ప్రక్కన కాపురమున్నట్లు తోచును. శివుని తప్ప వేరొక దైవమును తలంపనని ప్రతిజ్ఞపూనిన వీరశైవకవి పాల్కురికి సోమనాథుని పేరుతో ముడివడిన ఊరిలో ఈ సహవాసము కనుపించుట కాలము ఆడిన ఒక చమత్కారము.

కాకతీయయుగమున వెలసిన సోమనాథుడు తెలుగు కవిత్వపు దారి మలుపు త్రిప్పినవాడు. రాజసభలకు పద్యము, మార్గకవిత మెండుగా నున్న దినములలో, పదిమంది కూడి పాడుకొన వీలగు ద్విపదను చేపట్టి బసవపురాణమును, పండితారాధ్యచరిత్రమును రచించెను. జనులకు తెలియు జానుతెనుగే మేలని ఎంచెను. వృషాధిపశతకముతో తెలుగున మకుటముగల శతకమునకు త్రోవవేసెను. సంస్కృతకన్నడములలోను ఆయనకు ప్రవేశము కలదు. పండితారాధ్యచరిత్రము చదివినవారికి ఆనాటి జానపదుల జీవితము కనులకు కట్టును. తుమ్మెదపదములు, ప్రభాతపదములు, వెన్నెలపదములు మొదలైన పాటల పేరులు, నాట్యవిశేషములు, బొమ్మలాటలు అందు పేర్కొనబడినవి. ఏడెనిమిది వందల యేండ్లనాడు పల్లెలలో ఎవరేమి పాడిరో తెలిసికొనగోరు పరిశోధకులకు అది గని.

బసవపురాణమునందలి భక్తులలో రాజులకన్న కాయకష్టము చేయువారే ఎక్కువగా కనుపింతురు. వారిలో మడివాలు మాచయ్య యొకడు. శివభక్తుల మైలబట్టలు ఉదుకుట తన వ్రతముగా పెట్టుకొన్న చాకలి. తన వృత్తియందలి గౌరవమును ఎవరియెదుటను తగ్గించుకొననివాడు. ఆ కథను ద్విపదలో పాడిన కవి పేరింటి ఊరిలోనే, తరువాత ఏడువందల యేండ్లకు, వేరొక చాకలి కుటుంబపు స్త్రీ తన బ్రతుకును గాథగా మార్చినది. ఆమె చాకలి ఐలమ్మ.

ఐలమ్మ కొంత భూమిని కౌలుకు తీసికొని సాగుచేసెను. విసునూరు దేశముఖు ఆ భూమిని, దానిపై పండిన పంటను తన వశము చేసికొనదలచెను. ఆంధ్రమహాసభ శాఖయైన సంఘమువారు ఆమెకు అండగా నిలిచిరి. దేశముఖు మనుషులు వచ్చినను పంట చేజారలేదు. ధాన్యము ఆమె యింటికే చేరెను. చూచుటకు చిన్న సంఘటన. కాని గడీ మాటకు ఎదురాడవచ్చునని పల్లె తెలిసికొన్నది ఆ ధాన్యపురాశియెదుటనే. అనతికాలమునకే, 1946 జులై 4న, సమీపమున కడివెండిలో దొడ్డి కొమరయ్య దేశముఖు మనుషుల తుపాకికి బలియాయెను. తెలంగాణ సాయుధపోరాటము రగుల్కొనెను. ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న మరణించినది. 2024లో తెలంగాణ ప్రభుత్వము హైదరాబాదులోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్ట నిర్ణయించెను.

పాలకుర్తికి వచ్చినవారు గుట్టపై రెండు గుహలు చూచి దిగిపోవుదురు. గుట్ట క్రింది పొలము కూడ దర్శనీయస్థలమే. దానికి గోపురము లేదు, అంతే భేదము.

బమ్మెర పొలము

పాలకుర్తి మండలములోనిదే బమ్మెర. భాగవతకర్త పోతన ఇచ్చటివాడని తెలంగాణమువారి దృఢవిశ్వాసము. ఏకశిలానగరమనగా ఒంటిమిట్టయని రాయలసీమవారు, ఓరుగల్లని ఈ ప్రాంతమువారు వాదించుకొనిన వాదము పండితలోకమున చిరకాలము సాగినది. ఒక కవి కొరకు రెండు సీమలు పోటీపడుట ఆ కవికి గౌరవమే గాని లోపము కాదు. ఆయన ఇంటిపేరు ఈ ఊరి పేరగుట మాత్రము ఎవరును కాదనలేని సంగతి.

బమ్మెరలో పోతన దున్నిన పొలమని, నీరు తోడిన బావియని, సమాధియని గ్రామస్థులు చూపుదురు. కన్నులను మిరుమిట్లుగొలుపు కట్టడము ఆశించి వచ్చినవాడు నిరాశపడును. కృతిని రాజున కంకితమీయ నిరాకరించి రామునకు సమర్పించిన కవి కథ విన్న చెవులతో వచ్చినవానికి, ఆ కథ జరుగదగిన చోటు ఇట్టిదేకదా అనిపించును. రాజుకడకు పోకున్నను బ్రతుకవచ్చునను ధైర్యము కవికి ఎచ్చటినుండి రావలెను? నాగలి సాగిన చాలునుండి రావలెను. ఐతిహ్యము అక్షరాల చరిత్రయా కాదాయని విమర్శకులు తేల్చుకొందురుగాక; ఒక జాతి తన కవిని హలముతో ఊహించుకొన్నదనుట చరిత్రయే.

పోతన భాగవతమున కొంత భాగము శిథిలమై, దానిని గంగన, సింగన, నారయలు పూరించిరి. తాళపత్రములు చెదలు తినిన చోట కూడ గ్రంథము నిలిచినదన్న, దానికి కారణము దానిని కంఠస్థము చేసినవారు, పూరింపనెంచినవారు ఉండుటయే. గజేంద్రమోక్షపు పద్యములు అక్షరము రాని రైతు నోటను, రుక్మిణీకల్యాణము పెండ్లికాని పిల్లల నోటను నిలిచియుండుట తెలుగునాట అందరెరిగినదే. బమ్మెరకు చేరువనున్న వల్మిడి గుట్టకు వాల్మీకిమహర్షి పేరుతో సంబంధము చెప్పుదురు. అచ్చట రాముని ఆలయము కలదు. ఆదికవి, సహజకవి, ద్విపదకవి ముగ్గురును ఒక్కపూటలో తిరుగదగిన దూరమున ఉన్నారని చెప్పుకొనుట ఈ మండలమువారికి సహజముగనే గర్వకారణమైనది.

ఖిలాషాపురపు కోట

రఘునాథపల్లి మండలములోని ఖిలాషాపురమున రాతిబురుజుల కోట యొకటి యున్నది. రాజులు కట్టిన కోటలు చూచినవారికి ఇది చిన్నదిగ తోచును. అయితే దీనిని ఏలినవాడు రాజవంశీయుడు కాడు. తాళ్లెక్కు కులమున పుట్టిన సర్వాయి పాపన్న.

ఔరంగజేబు చివరి దినములలో దక్కనున మొగలు పాలన సడలినపుడు పాపన్న దండు కూర్చుకొని షాపురమును తన స్థావరముగా చేసికొనెను. 1708లో మొహర్రము వేళ, నగరమంతయు పీర్ల సందడిలోనుండగా, వేలమంది అనుచరులతో వరంగల్లు కోటపై పడి దోచుకొనెను. మరుసటియేడు హైదరాబాదు వచ్చిన బహదూర్‌షా పాదుషా అతనికి దర్శనమిచ్చి, భారీ కానుకలు గైకొని, గౌరవవస్త్ర మొసంగెను. కల్లుగీయువానికి పాదుషా సత్కారమా యని ప్రముఖులు మొరపెట్టుకొనిరి. గౌరవము ఎంతోకాలము నిలువలేదు. మొగలు సైన్యము వెంటాడెను. 1710లో పాపన్న పట్టుబడి చంపబడెను.

మొగలు చరిత్రకారుడు ఖాఫీఖాను వ్రాతలో పాపన్న దోపిడిగాడు. జానపదుల పాటలో వీరుడు. జె. ఎ. బాయిల్ అను ఆంగ్లేయుడు 1874లో ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ పత్రికలో తెలుగు వీరగాథలనుగూర్చి వ్రాసినపుడు పాపన్న పాటను ప్రస్తావించెను. అమెరికా చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 2005లో ప్రకటించిన దక్కను సాంఘికచరిత్రలో, ఎనిమిదిమంది జీవితముల ద్వారా నాలుగున్నర శతాబ్దముల కథ చెప్పుచు, పాపన్నకు ఒక అధ్యాయమును కేటాయించెను. దర్బారు వ్రాసిపెట్టిన చరిత్ర ఒక్కటే మిగిలియుండిన, పాపన్న పేరు దొంగల పట్టికలో ముగిసిపోయెడిది. పాట మిగిలినందువలన విచారణ తిరిగి మొదలైనది.

రేకుపై రూపము

జనగామ దాటిన పిమ్మట రహదారి ప్రక్కనే పెంబర్తి. ఈ ఊరి విశ్వకర్మల ఇత్తడిపని కాకతీయుల నాటిదని ప్రతీతి. వీరిది పోతపని కాదు, రేకుపని. ఇత్తడి రేకును కాచి మెత్తబరచి, లక్కపై అదిమి, ఉలితో సుతారముగా కొట్టుచు వెనుకనుండి ఉబ్బెత్తుగా, ముందునుండి లోతుగా రూపమును తేల్చుదురు. గుడి తలుపులకు తొడుగులు, ధ్వజస్తంభములకు కవచములు, ఉత్సవమూర్తులకు మకరతోరణములు వీరి చేతిపనులు. నిజాము కాలమున అత్తరుదానులకు, పాందానులకు గిరాకి యుండెను. 2010లో పెంబర్తి లోహపుపనికి భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది.

కార్ఖానా గడపకడ నిలిచి వినుట ఒక అనుభవము. పెద్ద సుత్తి దెబ్బకు ఒక ధ్వని, సన్న ఉలి దెబ్బకు వేరొక ధ్వని. చేయి ఎంత పలుచబారినదో రేకు పలుకునుబట్టి పనివాడు తెలిసికొనును. ఇక్కడను చెవియే గురువు. అంగడిలో కొన్న వస్తువు పనితనమును మాత్రమే చూపును. పనిని చూచినవాడు ఒక రేకులో ఎన్ని వేల దెబ్బలు దాగియున్నవో గ్రహించును. వెల విషయమున బేరమాడుటకు అటుపిమ్మట నోరు రాదు.

కథ చెప్పువారు

ఈ స్థలములన్నిటికిని ప్రాణము పోయువారు కథకులు. వారిలో ముందు చెప్పదగినవారు ఒగ్గువారు. ఒగ్గు అనగా శివుని చేతి డమరుకము. కురుమ, గొల్ల కులములవారి దైవములైన మల్లన్న, బీరప్పల కథలను, ఎల్లమ్మ కథను ఒగ్గు మ్రోయించుచు, డోలు వాయింపగా, గానముతోను వచనముతోను అభినయముతోను రాత్రులు తెల్లవార్లు చెప్పుదురు. కథకుడు ఒక క్షణమున మల్లన్న, మరు క్షణమున మేడలమ్మ; తలగుడ్డ మార్పుతో పురుషుడు స్త్రీయగును. లింగాల ఘనపురము మండలము మాణిక్యపురమున పుట్టిన చుక్క సత్తయ్య (1935–2017) ఈ కళను పల్లె ముంగిలినుండి దేశపు వేదికలకు కొనిపోయి, కేంద్ర సంగీతనాటక అకాడమీ పురస్కారము నందుకొనెను. దేవరుప్పుల మండలమునకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ లభించినది.

ఒకప్పుడు జనగామ ప్రాంతముతో కలిసియుండి, నేడు సిద్ధిపేట జిల్లాలోనున్న చేర్యాల నకాషీల పటము ఈ కథనకళకే పుట్టిన చిత్రకళ. గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద పూసి ఆరబెట్టి, ఎర్రని నేపథ్యముపై బొమ్మలు వ్రాయుదురు. నిలువుగా గజముల కొలది సాగు ఆ పటమును ఘట్టము వెంట ఘట్టము విప్పుచు కథకుడు పాడును. పద్మశాలీలకు మార్కండేయపురాణము, మాదిగలకు జాంబపురాణము, రజకులకు మడేలుపురాణము. ప్రతి కులమునకు తన పుట్టుకను గౌరవముతో చెప్పు ఒక పటము. మడేలు అను పేరులో సోమనాథుని మడివాలు ఛాయ వినబడక మానదు. చేర్యాల పటమునకు భౌగోళిక సూచిక వచ్చినది. నేడు దానిని కొనువారు చట్రము కట్టించి గోడకు వ్రేలాడదీయుదురు. చిత్రము బ్రతికినది, చిత్రకారునకు కూడు దొరికినది, సంతోషమే. అయితే గోడపై పటమును చూచి కథ చెప్పగలవాడు ఆ యింట నుండడు. చట్రములోని పటము మూతివేసిన డోలు వంటిది.

కథకుని కుమారుడు చదువుకొని పట్టణమునకు పోయిన, అతనిని తప్పుపట్టుటకు ఎవరికిని అధికారము లేదు. కళను నమ్ముకొని తండ్రి ఎన్ని రాత్రులు అర్ధాకలితో నడచెనో ఆ కుమారునకే తెలియును. గుట్ట ఎచ్చటికిని పోదు, కోట గోడ కూలిన తిరిగి కట్టవచ్చును. కథకుని నోట నున్నది అతనితో పోయిన తిరిగి రాదు.

ఒక ద్వీపనగరము నేర్పు పాఠము

ఈ చిక్కు చిల్పూరు సీమకే ప్రత్యేకము కాదు. దీనిని వేరొకచోట ఎట్లు ఎదుర్కొనిరో చూచుటకు దూరముగా, కొరియా దేశమునకు దక్షిణమున సముద్రమధ్యమున నున్న జేజు ద్వీపమువరకు పోవచ్చును. ఆ ద్వీపపు దక్షిణతీరమున సొగ్విపో అను నగరము కలదు. జొంగ్‌బాంగ్ జలపాతము ఇరువది మీటర్లకు మించిన ఎత్తునుండి నేరుగ సముద్రపుటొడ్డున పడుట అచ్చటి ముఖ్య దర్శనీయము. ఆ జలపాతమునకు ఒక కథ యున్నది. చీనా చక్రవర్తి ఛిన్ షిహువాంగ్ చావు లేకుండ చేయు మూలికను తెమ్మని జు ఫూ అను వానిని పంపెననియు, అతడు ఈ ద్వీపమునకు వచ్చి, కొండరాతిపై తన రాకకు గుర్తు వ్రాయించి పడమటికి మరలెననియు చెప్పుదురు. పడమటికి మరలిన రేవు అనునదే ఆ నగరపు పేరునకు అర్థమని వ్యుత్పత్తి. చిల్పూరు దేవుని పేరులో బుగులు నిలిచినట్లే ఆ నగరపు పేరులో ఒక ప్రయాణము నిలిచినది.

జేజు అగ్నిపర్వతముల ద్వీపము. దాని అగ్నిపర్వతము, లావా గుహలు 2007లో ప్రపంచ వారసత్వ స్థలములైనవి. ఊపిరి బిగబట్టి సముద్రపు లోతున దిగి నత్తలను, సముద్రపు పాచిని ఏరు ‘హేన్యో’ స్త్రీల జీవనసంస్కృతిని 2016లో యునెస్కో గుర్తించినది. ఆ 2007లోనే ఆ ద్వీపమున ‘ఒల్లె’ అను కాలినడక బాట మొదలైనది. వీధినుండి ఇంటి వాకిటివరకు పోవు ఇరుకుదారికి జేజు మాటలో ఒల్లె యని పేరు. సొగ్విపోలో పెరిగి, రాజధానిలో పత్రికారచన చేసి తిరిగివచ్చిన సో మ్యోంగ్‌సుక్ అను స్త్రీ తలపెట్టిన కార్యమది. పాతదారులను కలుపుకొనుచు పోయి నేడు ఆ బాట ద్వీపమును చుట్టి నాలుగువందల కిలోమీటర్లకు మించినది. నడచివచ్చినవాడు పల్లెలో ఆగును, తినును, ఊరివారితో మాటాడును. కారు అద్దములోనుండి చూచినవానికి దొరకనిది అతనికి దొరకును.

ఆ అందమైన తీరమునకు చీకటి కథయు కలదు. 1948 ఏప్రిల్ 3న జేజులో తిరుగుబాటు జరిగి, దానిని అణచుటలో ద్వీపమున వేలాది జనులు హతులైరి. జొంగ్‌బాంగ్ జలపాత ప్రాంతము కూడ ఆనాటి వధ్యస్థలములలో ఒకటి. పిమ్మట దశాబ్దములపాటు ఆ మాట బహిరంగముగ ఎత్తుట ప్రమాదకరమయ్యెను. 2000లో సత్యశోధనకు చట్టము వచ్చెను. 2003లో దేశాధ్యక్షుడు క్షమాపణ చెప్పెను. తెలంగాణమున గడీలపై జనులు తిరుగబడిన కాలమే అది. ఇచ్చట ఆ స్మృతి పాటలలో బ్రతికినది. అచ్చట నోళ్లు నొక్కబడినందున, జలపాతమును చూచి మురిసి మరలిన యాత్రికులలో ఎందరో తామెచ్చట నిలిచితిమో తెలియకయే మరలిరి. చెప్పువాడు లేని స్థలమునకు పట్టు గతి ఇది.

చేయదగినవి

చిల్పూరు, పాలకుర్తి, వల్మిడి, బమ్మెర, ఖిలాషాపురము, పెంబర్తి ఒక జిల్లాలోని ఊళ్లు. వీనిని కలుపు రోడ్లు లేకపోలేదు. కలుపు కథ ఒక్కటి లేదు. రెండుదినములు చేతనున్నవాడు మొదటిదినమున స్టేషన్ ఘనపురమున దిగి ఉదయమే చిల్పూరు గుట్టనెక్కి, ఎండ ముదరకముందు దిగి, మధ్యాహ్నము పాలకుర్తి చేరి, సాయంకాలము బమ్మెర పొలములలో గడపవచ్చును. రెండవదినమున ఖిలాషాపురము కోట, పెంబర్తి కార్ఖానాలు చూచి జనగామలో రైలెక్కవచ్చును. వేసవి కన్న వానలు వెనుకబట్టిన దినములు మేలు. చెరువులు నిండి, గుట్టలు కడిగినట్లుండును.

ఈ మార్గమున పెద్ద భవనములు కట్టుటకన్న ముందు చేయదగినవి చిన్నపనులు కొన్ని యున్నవి. ప్రతి గుట్ట పాదముకడ ఆ స్థలము కథను చక్కని తెలుగున వ్రాసిన పలక యొకటి. జాతర దినములలో మైకుల సినిమా పాటలకు బదులు ఒగ్గువారికి ఒక రాత్రి, తగిన సంభావనతో. పెంబర్తిలో వస్తువులమ్ము అంగడితోపాటు పనిని కూర్చుండి చూడ వీలైన అరుగు. అన్నిటికన్న ముఖ్యము, ఆయా ఊళ్ల పాఠశాలలలోని పిల్లలచే తమ యింటి పెద్దలు చెప్పు కథలను, పాటలను వ్రాయించుట, ధ్వనిముద్రణ చేయించుట. నేడు ప్రతి యింటను చరవాణి యున్నది. దానికి వేయి రూపాయల ఖర్చు కూడ లేదు. ఐలమ్మ ధాన్యమును కన్నులార చూచినవారి తరము దాదాపు గడచినది. వారినుండి విన్న తరము ఇంకను ముంగిళ్లలో కూర్చుండియున్నది.

యాత్రికుడు చేయదగినదియు ఒకటి కలదు. గుట్టయెక్కి, దండముపెట్టి, ఛాయాచిత్రము తీసికొని, వచ్చిన బండిలోనే మరలిపోవుట సులభము. మెట్ల మొదట కొబ్బరికాయలమ్ము అవ్వకడ కొంతసేపు కూర్చుండి, “అవ్వా, ఈ దేవునికి బుగులెందుకు పట్టింది?” అని అడుగుట ఇంకను సులభము. ఆమె కాయ కొట్టుట మాని కథ మొదలుపెట్టును. అడిగినవాడు వినుచున్నంతసేపు ప్రక్కనున్న ఆమె మనుమడు కూడ వినును.